బట్లరు గారి పెన్నీలు

రండమ్మా, ఇలా దగ్గరగా వచ్చి కూర్చోండి. ఫ్యాను చప్పుడులో నా మాట వినబడదు, పీట ఇటు లాక్కోండి. నేను చదివింది మూడో తరగతి, అదీ సగమే. పుస్తకంలో చూసి చెప్పేదేమీ నా దగ్గర లేదు. కళ్లతో చూసింది, చేతులతో చేసింది మాత్రం పోకుండా ఉంది. ఇప్పుడు చెప్పబోయేది చేతులతో చేసిన పని గురించి.

మొన్న మధ్యాహ్నం వసారాలో కూర్చుని గోంగూర గిల్లుతున్నాను. మా చెల్లెలి మనవరాలు చాప మీద బోర్లా పడుకుని ఫోను చూస్తోంది. ఉన్నట్టుండి, "అమ్మమ్మా, ఈ పాత అమెరికా పెన్నీ ఒకటుంటే చాలంట, మనం మేడ కట్టుకోవచ్చంట" అని ఫోను నా మొహం ముందు పెట్టింది. ఎవరిదో అరచెయ్యి, అందులో నల్లబడిన రాగి డబ్బు, దాని మీద అటొకటి ఇటొకటి వంగిన రెండు కంకులు. కళ్లజోడు సరిచేసుకోకముందే గుర్తుపట్టాను. ఆ పిల్ల చదువుకుంటూ పోతోంది. ముందు సంవత్సరం చూడాలంట. దాని కింద బుల్లి అక్షరం ఉందో లేదో చూడాలంట. కంకుల గీతలు అరగకుండా ఉండాలంట. చివరికి, "ఎట్టి పరిస్థితుల్లోనూ కడక్కూడదంట అమ్మమ్మా" అంది. నేను గోంగూర చాట అక్కడే వదిలేసి దొడ్లోకి వెళ్లి కాసేపు నిలబడ్డాను. ఆ ఒక్క ముక్కా నా చిన్నప్పుడు ఒక్కరోజు ముందు చెప్పినవాళ్లుంటే ఎంత బాగుండేదో.

మాది నరసాపురం. మా పెరటి గోడకి అవతల చర్చి వీధి. ఆ రోజుల్లో ఏ అరుగు చూసినా ఆడవాళ్లు వంచిన తల ఎత్తకుండా లేసు అల్లుతుండేవాళ్లు. నా చదువు ఆగిపోయాక, ఊరికే ఉంటే కాళ్లు నిలవడం లేదని మా అమ్మ నన్ను వెనక వీధి మామ్మ దగ్గర లేసు నేర్చుకోమని పెట్టింది. మామ్మ అంటే మా చుట్టమేమీ కాదు, వాళ్లు చర్చికి వెళ్లే వాళ్లు, మేము గుడికి వెళ్లే వాళ్లం. వీధిలో పిల్లలందరికీ ఆవిడ మామ్మే. తెల్ల చీర, మెడలో నల్లదారం, ఎడమచేతి చూపుడువేలి మీద దారం ఒరిసి ఒరిసి పడిన గాడి. పాపం, అప్పటికే కళ్లలో పొర కమ్ముతోంది. అయినా కొక్కెం సూది ఏ కన్నంలో పడాలో వేళ్లే ఆవిడకి చెప్పేవి.

ఆవిడ భర్త అమెరికా దొరగారి బంగళాలో వంట చేసేవారు. ఊళ్లో అందరూ బట్లరు గారనేవాళ్లు. నాకు ఊహ తెలిసేసరికే ఆయన లేరు. పిల్లల్లేరు. ఆయన నేర్పిన కేకు మాత్రం మామ్మ చేతిలో మిగిలింది. కుండలో ఇసుక పోసి, దాని మీద గిన్నె పెట్టి, మూత మీద నిప్పులు పోసి కాల్చేది. ఆ వెన్న వాసన గోడ దాటి మా పెరట్లోకి వచ్చేసేది. వాళ్లింట్లో ఏమీ ముట్టుకోవద్దని మా నాన్నమ్మ రోజూ చెప్పి పంపేది. నేను రోజూ తిని, వచ్చేటప్పుడు కరివేపాకు రెండు రెబ్బలు నమిలి ఇంట్లో అడుగుపెట్టేదాన్ని. "ఈ మధ్య దీని దగ్గర కరివేపాకు వాసనేంటే" అని నాన్నమ్మ మా అమ్మని అడగడం నాకింకా చెవిలో ఉంది.

ఇక పెన్నీల సంగతి. దొరగారు సెలవు మీద వాళ్ల దేశం వెళ్లి ఓడలో తిరిగి వచ్చినప్పుడల్లా కోటు జేబుల్లో అక్కడి చిల్లర మిగిలిపోయేదట. ఇక్కడ చెల్లదు కదా, జేబు దులిపి బట్లరు గారికి ఇచ్చేవారట. ఆయన వాటిని పారెయ్యకుండా దాచారు. అన్నీ కలిపి ముప్పై నాలుగు. మామ్మ వాటి కోసమే ఒక లేసు సంచి అల్లింది. మధ్యాహ్నం దారం అయిపోయినప్పుడు నాకు ఆడుకోవడానికి ఇచ్చేది. కొన్నింటి మీద ఈకల కిరీటం పెట్టుకున్న మనిషి తల. కొన్నింటి మీద గడ్డం ఆయన, వెనక కంకులు. అవి గోధుమ కంకులని తెలియక, వరి కంకులనే మేమిద్దరం అనుకున్నాం. అమెరికాలోనూ ఊడుపులుంటాయి కాబోలని మామ్మ అంటే నేను నమ్మాను. ఒకటి మాత్రం తెల్లగా ఉండేది. అది వెండిదని, అన్నిటికన్నా ఖరీదు దానికేనని మా ఇద్దరి లెక్క.

మామ్మకి ఒకటే కోరిక. బట్లరు గారి సమాధి మీద ఆయన పేరు చెక్కించిన రాయి వేయించాలి. వాళ్ల శ్మశానం కాలవ పక్కన పల్లంలో ఉండేది. వానాకాలం వెళ్లేసరికి మట్టిదిబ్బ కూరుకుపోయేది, కర్ర సిలువని చెద తినేసేది. ప్రతి ఏడూ మామ్మ గంపతో మట్టి మోసుకెళ్లి పోసి, కొత్త సిలువ పాతి వచ్చేది. ఒకసారి నేను కూడా వెళ్లాను. మట్టి చదును చేస్తూ, "నేను ఉన్నన్నాళ్లూ నేను పోస్తాను అమ్మడూ. నా తర్వాత ఇక్కడొక మనిషి ఉన్నాడని ఎవరికి తెలుస్తుంది? రాయి ఉంటే వచ్చినవాళ్లు ఆగి చదువుకుని వెళ్తారు" అంది. రాజమండ్రిలో రాయి చెక్కే ఆయన్ని ఎవరి ద్వారానో అడిగిస్తే నూట ఎనభై రూపాయలన్నాడట. లేసు ముక్కలు డజన్ల లెక్కన ఇచ్చే ఆవిడకి ఆ మాట ఆకాశంలో మాటే.

అలా ఉండగా ఎవరో రాజమండ్రి ఇత్తడి సామాన్ల షావుకారు గారి గురించి చెప్పారు. ఆయనకి పాత నాణేల పిచ్చి. మా ఊళ్లో వాళ్ల బావమరిది ఇల్లుంది, నెలకోసారి రైల్లో వచ్చిపోయేవారు. మామ్మ కబురు పెడితే ఒక సోమవారం పొద్దున్న వచ్చారు. ఆత్రేయపురం పూతరేకుల పొట్లం ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు కాబట్టి నాకు అప్పుడే మంచివారని తోచింది. అరుగు మీద తెల్లగుడ్డ పరిచి, పెన్నీలు వరసగా పేర్చి, భూతద్దం కన్నుకి ఆనించుకున్నారు.

మామ్మ ముందుగా తెల్లదాన్ని ఆయన వైపు జరిపింది. ఆయన జేబులోంచి చిన్న అయస్కాంతం తీశారు. తెల్లది టక్కున వెళ్లి దానికి అంటుకుంది. "వెండి కాదండి మామ్మగారూ, ఇనుము. యుద్ధం రోజుల్లో వాళ్లకి రాగి కరువొచ్చింది, ఇలాంటివి కొట్టారు. దీనికి ఏమీ రాదండి" అన్నారు. మామ్మ నా వైపు చూసి నవ్వింది, నేను తల దించుకున్నాను. వెండి అని మా వీధిలో పదిమందికి చెప్పి వచ్చాను మరి.

తర్వాత ఆయన వాటిని మూడు కుప్పలు చేశారు. ఒక కుప్ప తూకానికి. ఒక కుప్ప ఒక్కోటి అర్ధరూపాయి, ముప్పావలా. మూడో కుప్పలో ఒక్కటే ఉంది. అది మిగతా అన్నిటికన్నా నల్లది, కాలిన బెల్లం రంగు. దాన్ని ఎండలోకి వంచి ఎంతసేపు చూశారో. కంకుల కింద ఈగ కాలంత అక్షరాలు మూడున్నాయని, అవి ఉన్నవి చాలా తక్కువని, అయినా పుస్తకంలో చూస్తే గాని ఖాయంగా చెప్పలేనని అన్నారు. "నేననుకున్నదే అయితే దీనికొక్కదానికీ రెండొందలిస్తానండి. వచ్చే నెల పుస్తకం, డబ్బు రెండూ తెస్తాను."

 మామ్మ నన్ను పిలిచి షావుకారు గారికి మజ్జిగ పట్టుకు రమ్మంది. నేను లోపలికి వెళ్లి, కవ్వంతో చిలికి, అల్లం దంచి వేసి, తెచ్చేసరికి ఆయన ఆ నల్లదాన్ని గుడ్డముక్కలో విడిగా చుట్టి మామ్మ చేతికిస్తున్నారు. మామ్మ తల ఊపుతోంది. ఆ నాలుగు నిమిషాల్లో ఆయన చెప్పిన మాటలు నేను వినలేదు.

ఆ నెలంతా మామ్మ ఇంకో మనిషి అయిపోయింది. నన్ను వెంటబెట్టుకుని శ్మశానానికి వెళ్లి లేసు దారంతో దిబ్బ పొడుగు వెడల్పు కొలిచి, ముడులు వేసుకుంది. అక్షరాలు బొటనవేలంత లోతు ఉండాలని, నల్లరాయి అయితే మేలని, ఎండలో కాలకుండా పక్కన ఒక గన్నేరు మొక్క వెయ్యాలని. కేకు రెండుసార్లు చేసింది.

ఇప్పుడు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. ప్రతి గురువారం మా నాన్నమ్మ దేవుడి గదిలో చెంబులు, హారతి పళ్లెం, రాగి బిందె అన్నీ నూతి గట్టు మీద పడేసేది. పులుసు పిసికేసిన చింతపండు పిప్పి, రాళ్ల ఉప్పు, కొబ్బరి పీచు. ఆ తోమడం నా పని. మా వీధిలో నా అంత బాగా రాగి తోమేవాళ్లు లేరని నాన్నమ్మ అందరితో అనేది. చదువులో ఎవరూ నన్ను మెచ్చుకోలేదు, లేసులో ఇంకా ముడులు తప్పేవి. నాకున్న ఒక్క గొప్పా అదే. మా ఊరి ఇత్తడి కొట్లో చూశాను కదా, తళతళలాడే బిందెని దారం కట్టి పైన వేలాడదీస్తారు, నల్లబడినదాన్ని తూకానికి లోపల పడేస్తారు. షావుకారు గారిది ఇత్తడి కొట్టే. నల్లగా ఉంటేనే రెండొందలన్నారు, మెరిస్తే ఎంతంటారో. నా బుర్రకి అంతకన్నా తోచలేదు.

ఆయన వచ్చే ముందు రోజు ఆదివారం. మామ్మ చర్చికి వెళ్తూ, ఇల్లు చూస్తూ ఉండమని నన్ను కూర్చోబెట్టింది. ట్రంకుపెట్టె తాళం ఎక్కడుంటుందో నాకు తెలుసు. మా ఇంట్లోంచి చింతపండు పిప్పి చాటుగా తెచ్చుకున్నాను. నూతి దగ్గర కూర్చుని ముప్పై నాలుగూ తోమాను, తెల్లదాన్ని కూడా. చర్చిలోంచి పాట వినబడుతోంది, నేను దానికి తగ్గట్టు రుద్దుతున్నాను. గుడ్డముక్కలో విడిగా చుట్టిన నల్లదాన్ని ఆఖర్ని తీశాను. అది మొండిగా ఉంది, చింతపండుకి లొంగలేదు. అది ముఖ్యమైనది కదా అని ఇటిక ముక్క నూరి, ఆ పొడి వేసి, కంకుల సందుల్లోకి కొబ్బరి పీచు దూర్చి దూర్చి తోమాను. అప్పుడు వచ్చింది ఎరుపు, అరటిపువ్వు లోపలి రేకులా. నా జన్మలో అంత బాగా ఏ చెంబునీ తోమలేదు. లేసు సంచి కూడా ఉతికి కంచె మీద ఆరేశాను.

మామ్మ వచ్చాక పళ్లెంలో పేర్చి చేతికిచ్చాను. ఆవిడకి కళ్లు ఆనలేదు. ఒకదాన్ని తీసుకుని బొటనవేలితో తడిమింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. నూతి గట్టు మీద కూర్చుంది, చర్చికి కట్టుకెళ్లిన చీర తడుస్తున్నా చూసుకోలేదు. నేను మెప్పు కోసం ఎదురు చూస్తున్నాను.

"ఎంతసేపు తోమావే?" అంది.

చర్చిలో పాట మొదలైనప్పటి నుంచి అన్నాను.

"చేతులు మండుతున్నాయేమో, కొబ్బరినూనె రాసుకో" అంది. అంతే. ఆవిడ అలసిపోయిందనుకున్నాను.

మర్నాడు షావుకారు గారు వచ్చారు. చంకలో లావుపాటి ఇంగ్లీషు పుస్తకం. మామ్మ సంచి ఇచ్చింది. ఆయన సంచి మూతి విప్పి లోపలికి చూసి, పుస్తకం అరుగు మీద పెట్టేశారు. భూతద్దం చాలాసేపటికి గాని బయటికి తియ్యలేదు.

"నీళ్లు కూడా తగలనివ్వద్దని చెప్పాను కదండి. కొంగుతో కూడా తుడవద్దన్నాను."

నేను మజ్జిగకి వెళ్లిన ఆ నాలుగు నిమిషాల్లో ఆయన మామ్మకి ఏం చెప్పారో అప్పుడు తెలిసింది నాకు. నేను మామ్మ పక్కనే, గుమ్మానికి ఆనుకుని కూర్చుని ఉన్నాను. 

"బిందె అనుకున్నారేంటండి? బిందెకైతే మెరుపు చూసి ధర కడతాం. దీనికి ముసలితనమే ధరండి. ఇన్నేళ్లుగా పట్టిన రంగు ఒక్క పూటలో ఊడగొట్టేశారు. ఇదిగో, ఇక్కడ చూడండి, కంకుల నిండా గీతలే. ఆ అక్షరాలు ఉన్నాయో లేవో నేనే చెప్పలేను, ఇంకొకరికి ఏం చూపించను? ఎవరు తోమారండి?"

నా గోళ్లలో ఇటిక పొడి ఇంకా ఎర్రగా ఉంది. మామ్మ చెయ్యి చాచి, నా చేతిని తన కొంగు కిందకి లాక్కుంది.

"నేనేనండి" అంది. "మీరు చెప్పారు, నేను మర్చిపోయాను. ముసలిదాన్ని కదండి బాబూ, పండగకి చెంబులు తోముకున్నట్టు తోమేసుకున్నాను."

షావుకారు గారు పుస్తకం తెరవకుండానే మళ్లీ చంకలో పెట్టుకున్నారు. ఆయనకీ కష్టంగానే ఉంది, ఆ నల్లదాని కోసం ఆయనా నెలంతా కలలు కని ఉంటారు. అన్నీ కలిపి పదకొండు రూపాయలిస్తానన్నారు, అదీ మొహమాటానికి. మామ్మ తీసుకుంది. ఆ గుమ్మంలో, నేను నోరు తెరిచి ఒక్క మాట అనాల్సింది. మామ్మ చెయ్యి నన్ను గట్టిగా పట్టుకుని ఉంది, అందుకే అనలేకపోయానని ఎన్నో ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆ చెయ్యి వదులుగానే ఉంది. నేనే లాక్కోలేదు.

ఆ పదకొండు రూపాయలకి ఇటికలు కొని దిబ్బ చుట్టూ పేర్చింది. ఆ ఏడు కాలవ పొంగి అవీ మట్టిలోకి దిగిపోయాయి. నన్ను మాత్రం ఒక్కరోజు కూడా ఒక్క మాట అనలేదు. లేసు నేర్పింది, కేకు పెట్టింది. నేను ఎప్పుడైనా ఆ ఊసెత్తబోతే, "ముడి తప్పుతున్నావు, చూసుకో" అనేది. రెండేళ్లు తిరక్కుండానే ఆవిడా వెళ్లిపోయింది. ఆయన పక్కనే పెట్టారు. ఇద్దరి మీదా మట్టే.

మనసు ఊరుకోని సంగతి ఇంకొకటుంది. నా పెళ్లికి సామాన్లు కొనడానికి రాజమండ్రి ఆ కొట్టుకే వెళ్లాం. షావుకారు గారు నన్ను గుర్తుపట్టలేదు. బిందెలు చూపిస్తూ, వచ్చినవాళ్లకి చెప్పి నవ్వించే కథల్లో ఒకటి మా అమ్మకి చెప్పారు. నరసాపురంలో ఒక ముసలావిడ ఉండేదండి, రెండొందల నాణెం చేతిలో పెట్టి ముట్టుకోవద్దని చెప్తే, చింతపండేసి తోమి పళ్లెంలో పెట్టిందండి అని. కొట్లో గుమాస్తాలు నవ్వారు. మా అమ్మ కూడా, ఎవరి గురించో తెలియక, పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను బిందె అడుగు తిప్పి చూస్తూ నిలబడ్డాను. అప్పుడు నాకు పదహారేళ్లు దాటాయి, చిన్నపిల్లనని చెప్పుకోవడానికి కూడా లేదు. ఆ మనిషి మతిమరుపుది కాదు, తోమింది నేను అని అంటే ఏం పోయేది? పెళ్లి ఆగిపోయేదా? అనలేదు.

ఆ తర్వాత సంసారం, పిల్లలు, మా ఆయన జబ్బు, ఇలా ఏళ్లు గడిచాయి. చేతిలో నాలుగు డబ్బులు నా సొంతానికి మిగిలింది నా పిల్లల పెళ్లిళ్లు అయ్యాకే. అప్పుడు వెళ్లాను నరసాపురం, రాయి వేయిద్దామని. రాయి చెక్కే అతన్ని కూడా వెంటబెట్టుకుని వెళ్లాను. శ్మశానం మెరక చేసేశారు, చుట్టూ గోడ కట్టారు. కాపలా ఉన్న ఆయన మంచివాడు. బంగళాలో పని చేసినవాళ్లని ఆ మూలే పెట్టేవారండి అని ఒక వరస చూపించాడు. దారంతో కొలిచిన చోటు అదేనని నాకూ అనిపించింది. గుండె తేలికపడింది.

రాయి అతను సుద్దముక్క తీసి, "ఏం పేరు రాయమంటారండి?" అన్నాడు.

బట్లరు గారు అన్నాను. "అది ఉద్యోగం కదమ్మా, పేరు చెప్పండి" అన్నాడు.

మామ్మ ఆయన పేరు ఎప్పుడూ పలకలేదు. ఆ కాలం ఆడవాళ్లు ఎవరు పలికారు గనక? ఆయనగారు అనేది, లేకపోతే మీ తాతగారు అనేది. నెలంతా ఆ రాయి మీద అక్షరాల లోతు చెప్పింది, వెడల్పు చెప్పింది, ఆ అక్షరాలేమిటో చెప్పలేదు. నేనూ అడగలేదు. పోనీ ఆవిడ పేరైనా రాయిద్దామంటే, లేసు కొనే ఆయన బట్లరు గారి భార్య అని పిలిచేవాడు, వీధంతా మామ్మే. ఆవిడకొక పేరు ఉంటుందని, అది నాకు తెలియదని, ఆ ఎండలో నిలబడే నాకు తెలిసింది. చర్చికి వెళ్లి అడిగాను. తుపానులో ఆఫీసు గది కప్పు లేచిపోయి పాత పేర్ల పుస్తకాలు నాని ముద్దయిపోయాయట. ఆ వీధిలో ఆ వయసు వాళ్లు ఒక్కరూ మిగల్లేదు. పేరు లేకుండా రాయి వేసేయమంటారా అని అతను అడిగాడు. వచ్చినవాళ్లు ఆగి చదువుకుని వెళ్లాలని కదా ఆవిడ కోరిక. చదవడానికి ఏమీ లేని రాయి ఎందుకని, అతని రానుపోను ఖర్చులిచ్చి పంపేశాను.

ఫోనులో ఆ పిల్ల ఆ పెన్నీ ధర ఎంతో చదివింది కానీ నేను అంకె గుర్తు పెట్టుకోలేదు. నూట ఎనభై రూపాయలు దాటి నాకేం అక్కర్లేదు.

ఇంతే తల్లీ. ఓపిగ్గా విన్నారు. మీ ఇంట దీపం నిండుగా వెలగాలి, మీ పొయ్యి మీద ఎసరు ఎప్పుడూ మరుగుతుండాలి. మీ తాతల పేర్లు, మీ మామ్మల పేర్లు మీ పిల్లలు తడుముకోకుండా చెప్పగలగాలి. చల్లగా ఉండండి.